మా మూడో అంతస్తులో ఎంతమంది కూర్చోవచ్చు: గుంటూరులో ఒక ఫైర్ సేఫ్టీ కన్సల్టెన్సీ సేవపై సమీక్ష

గుంటూరు బ్రాడీపేటలో మా నాన్నగారు కట్టించిన భవనం ఒకటి మా అన్నదమ్ముల ఉమ్మడి ఆస్తిగా ఉంది. 520 చదరపు గజాల స్థలం, సెల్లార్‌లో పార్కింగ్, కింద దుకాణాలు, పైన మూడు అంతస్తులు, మొత్తం ఎత్తు దాదాపు 13 మీటర్లు. ఒక్కో అంతస్తు 280 చదరపు మీటర్లు, అంటే సుమారు మూడు వేల చదరపు అడుగులు. చాలా ఏళ్లు మూడో అంతస్తులో ఒక కార్యాలయం ఉండేది. వారు ఖాళీ చేసిన తరువాత పోటీ పరీక్షల కోచింగ్ సెంటర్ వారు వచ్చి, ఒకే హాలులో 160 కుర్చీలు వేసుకుంటామని, అద్దె కూడా బాగానే ఇస్తామని అడిగారు. మా తమ్ముడికి మాత్రం అక్కడ చిన్న ఫంక్షన్ హాలు పెట్టాలన్న ఆలోచన ఉంది. ఈ రెండింటిలో ఏది చట్టబద్ధమో, ఏది క్షేమమో తేల్చుకోవడానికి మేము ఒక కన్సల్టెన్సీని పెట్టుకున్నాము. ఆ సేవ ఎలా ఉందో, ఎక్కడ మెచ్చుకోదగినదో, ఎక్కడ లోటు కనిపించిందో రాయడానికే ఈ సమీక్ష. మెప్పుతోపాటు ఫిర్యాదులూ ఉన్నాయి కనుక సంస్థ పేరు రాయడం లేదు. ఇటువంటి పనికి ఎవరిని పిలిచినా వారిని ఏమేమి అడగాలో తెలిస్తే చదివేవారికి అదే ఉపయోగం.

వీరికంటే ముందు మరొక ఏజెంటు మా దగ్గరకు వచ్చాడు. భవనం చూడకుండానే, ప్లాన్ కాపీ వాట్సాప్‌లో పంపితే రెండు రోజుల్లో ఫైర్ సేఫ్టీ సర్టిఫికెట్ తెచ్చి ఇస్తానన్నాడు. నమూనాగా చూపించిన కాగితంలో భవనం ఏ రకమన్న చోట ‘కమర్షియల్’ అన్న ఒక్క మాట ఉంది, ఎంతమంది పడతారన్న లెక్క ఎక్కడా లేదు. నేను ముప్ఫై ఏళ్లు జూనియర్ కాలేజీలో పాఠం చెప్పినవాడిని. మూడో అంతస్తులో 160 మంది పిల్లలు కూర్చోబోతుంటే వారి సంఖ్య లేని కాగితాన్ని నమ్మి తాళాలు ఇవ్వడానికి నాకు మనసు ఒప్పలేదు.

తరువాత మేము పెట్టుకున్న ఈ కన్సల్టెన్సీ నుంచి ఒక యువ ఇంజనీరు, ఆమెకు సహాయకుడు ఒకరు వచ్చారు. రుసుము 45 వేలు, రెండుసార్లు స్థల పరిశీలన, మూడు వారాల్లో నివేదిక అని ఒప్పందం. ఆమె మొదటి గంటంతా మాతో మాట్లాడడానికే కేటాయించారు. ఏ గదిని ఎవరు, ఏ వేళల్లో, దేనికి వాడుతున్నారో అడిగి రాసుకున్నారు. ‘ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ మా దగ్గర ఉందమ్మా’ అని నేను ఫైలు తీస్తే, అది నిర్మాణం ఆమోదించిన ప్లాన్ ప్రకారం పూర్తయిందని మున్సిపాలిటీ ఇచ్చే పత్రమని, తాము చేయబోయేది భవనం ఏ వినియోగ వర్గంలోకి వస్తుందో నిర్ణయించడమని, రెండింటిలోనూ ఆక్యుపెన్సీ అన్న మాట ఉన్నంత మాత్రాన అవి ఒకటి కావని ఓపికగా వివరించారు. ఈ గందరగోళం మా వీధిలో భవనాలున్న వారందరికీ ఉంది.

భారతీయ ప్రమాణాల సంస్థ వెలువరించిన జాతీయ భవన నిర్మాణ స్మృతి, అంటే ఇంజనీర్లు ఎన్‌బీసీ 2016 అని పిలిచే గ్రంథం, నాలుగో భాగంలో భవనాలను వాడుకను బట్టి వర్గాలుగా విభజిస్తుంది. నివాసాలు, హోటళ్లు గ్రూప్ ఎ; విద్యాసంస్థలు బి; ఆసుపత్రుల వంటివి సి; జనం గుమిగూడే హాళ్లు డి; కార్యాలయాలు ఇ; దుకాణాలు ఎఫ్; ఆ తరువాత పరిశ్రమలు, గోదాములు, ప్రమాదకర పదార్థాలుండేవి. గోడలు, స్తంభాలు ఒకటే అయినా లోపల చేసే పని మారితే వర్గం మారుతుంది. మా మూడో అంతస్తు కార్యాలయంగా ఉన్నన్నాళ్లు గ్రూప్ ఇ. 20 మందికి తగ్గకుండా విద్యార్థులు చేరి చదువుకునే చోటు గ్రూప్ బి కనుక, కోచింగ్ సెంటర్ వస్తే అది బి-2, అంటే పాఠశాలలు కాని ఇతర శిక్షణ సంస్థల ఉపవర్గం. 50 మందికి తగ్గకుండా వేడుకలకు, వినోదానికి చేరే చోటు గ్రూప్ డి కనుక, ఫంక్షన్ హాలు పెడితే వర్గం మళ్లీ మారుతుంది.

మొదటి అంతస్తులో ఒక ఆడిటర్ కార్యాలయం, ఒక డాక్టరుగారి ఔట్ పేషెంట్ క్లినిక్ ఉన్నాయి. క్లినిక్ అంటే ఆసుపత్రి కనుక గ్రూప్ సి అవుతుందేమోనని నేను భయపడ్డాను. ఔట్ పేషెంట్ క్లినిక్ గ్రూప్ ఇ కిందికే వస్తుందని, రోగులను చేర్చుకుని మంచాలు వేస్తే మాత్రం లెక్క పూర్తిగా మారిపోతుందని ఆమె చెప్పి, డాక్టరుగారి అద్దె ఒప్పందంలో ఆ మాట స్పష్టంగా రాయించుకోమన్నారు. 2020 ఆగస్టు 9న విజయవాడలో కోవిడ్ కేర్ సెంటర్‌గా నడుస్తున్న ఒక హోటల్లో మంటలు చెలరేగి పది మంది చనిపోయారు. ఆ వార్త చదివిన రోజున నేను వైరింగ్ గురించే ఆలోచించాను. బస చేసేవారి కోసం కట్టిన చోట రోగులను ఉంచితే, తమంతట తాము లేచి మెట్లు దిగగలవారు ఎందరన్న ప్రశ్న కూడా ఉంటుందని ఈ సంభాషణతోనే నాకు అర్థమైంది.

వర్గం తేలగానే రెండో లెక్క వస్తుంది. దాన్ని ఆక్యుపెంట్ లోడ్ అంటారు. ఒక అంతస్తులో ఎంతమంది ఉంటారని భావించి బయటికి వెళ్లే దారులను కట్టాలో చెప్పే సంఖ్య అది. ఎన్‌బీసీ పట్టిక ఒక్కో వర్గానికి మనిషికి ఇన్ని చదరపు మీటర్లని నిర్ణయించింది: నివాసానికి 12.5, విద్యాసంస్థకు 4, కార్యాలయానికి 10, నేలమట్టపు దుకాణానికి 3, పై అంతస్తు దుకాణానికి 6, గోదాముకు 30. మా మూడో అంతస్తు 280 చదరపు మీటర్లను 10తో భాగిస్తే కార్యాలయంగా 28 మంది. అదే చోటును 4తో భాగిస్తే విద్యాసంస్థగా 70 మంది. కుర్చీ ఒక్కటీ కదపకుండానే, వర్గం మారినందువల్ల లెక్క రెండున్నర రెట్లయింది.

కోచింగ్ వారు అడిగింది 70 కాదు, 160. పట్టిక 70 అంటోంది కనుక అంతకుమించి కూర్చోబెట్టకూడదేమో, లేదా లెక్క 70కే వేసుకుంటే సరిపోతుందేమో అని మా తమ్ముడు రెండు రకాలుగానూ అడిగాడు. రెండూ సరికాదన్నారు. లెక్క అసలు ఉండబోయే మనుషుల సంఖ్యను బట్టే వేయాలి, అది పట్టిక ఇచ్చిన సంఖ్య కంటే మాత్రం తగ్గకూడదు. అంటే మేము 160 మంది విద్యార్థులను, నలుగురు సిబ్బందిని కలిపి 164 మందికి దారి చూపించగలిగితేనే ఆ కుర్చీలు వేసుకోవచ్చు. పట్టికను ఒక కనీస మెట్టుగా చూడాలని ఆమె చెప్పిన తీరు మా తమ్ముడికి వెంటనే ఎక్కింది.

ఈ సేవలో నేను బాగా మెచ్చుకున్నది ఆ తరువాతి ఘట్టం. ప్లాన్‌లో మా మెట్ల వెడల్పు 1.5 మీటర్లని ఉంది, విద్యాసంస్థకు కనీసం కావలసిందీ అంతే. ఏ ఏజెంటయినా ఆ అంకెను ఎత్తి రాసుకుని వెళ్లిపోయేవాడు. ఆమె స్టీలు టేపు పట్టుకుని ప్రతి మలుపులోనూ కొలిచారు. రెండో అంతస్తుకు, మూడో అంతస్తుకు మధ్య మలుపులో గోడకు కరెంటు మీటర్ల ఇనుప పెట్టె ఒకటి బిగించి ఉంది. ‘మాస్టారూ, ఆ పెట్టె అంచు నుంచి రెయిలింగ్ దాకా పట్టుకోండి’ అని టేపు చివర నా చేతికిచ్చారు. 1.22 మీటర్లు. సహాయకుడు సుద్దముక్కతో నేల మీద ఆ గీత గీశాడు. నలభై ఏళ్లుగా ఆ మెట్లు ఎక్కిదిగుతున్న నేను ఆ పెట్టె దారిని తింటోందని ఒక్కసారి కూడా గమనించలేదు.

స్మృతి ప్రకారం విద్యాసంస్థలో మెట్లకు మనిషికి 10 మిల్లీమీటర్లు, తలుపుల వంటి సమతల మార్గాలకు 6.5 మిల్లీమీటర్లు వెడల్పు కావాలి. 1220ని 10తో భాగిస్తే ఆ మలుపు 122 మందికే సరిపోతుంది. 164 మందికి 1640 మిల్లీమీటర్ల మెట్లు కావాలి. పెట్టె తీసేసినా మాకున్నది 1500. హాలు తలుపు 900 మిల్లీమీటర్లు, పైగా లోపలికి తెరుచుకుంటుంది. 164 మందికి లెక్క వేస్తే తలుపుకు 1066 మిల్లీమీటర్లు రావాలి, అది తప్పనిసరిగా బయటివైపు తెరుచుకోవాలి. తోసుకుంటూ వచ్చేవారి ముందు లోపలికి తెరిచే తలుపు గోడతో సమానమని ఆమె అన్న మాట నా చెవిలో ఇంకా ఉంది. 2019 మే 24న సూరత్‌లో ఒక వాణిజ్య సముదాయం పై అంతస్తులో నడుస్తున్న కోచింగ్ తరగతిలో 22 మంది చనిపోయారు, పిల్లలు కిటికీల నుంచి దూకడం దేశమంతా చూసింది. మా హాలులో నిలబడి వీధివైపు కిటికీ చూసినప్పుడు నాకు గుర్తొచ్చింది అదే.

వారు ఇచ్చిన పరిష్కారంలో మూడు పనులున్నాయి: మీటర్ పెట్టెను సెల్లార్ గోడకు మార్చడం, వెనుకవైపు 1.5 మీటర్ల వెడల్పుతో రెండో మెట్ల దారి కట్టి దానికి హాలు నుంచి వేరే తలుపు పెట్టడం, మనుషుల సంఖ్యను 150కి పరిమితం చేయడం. రెండు మెట్లు కలిపితే 300 మందికి సరిపోతాయి కదా, మరి 150 ఎందుకని కోచింగ్ వారు గట్టిగానే వాదించారు. ఒక మెట్ల దారి పొగతో నిండితే మిగిలిన ఒక్కదానితోనే అందరూ దిగగలగాలన్నది తమ సలహా అని, ఇది స్మృతిలోని అక్షరం కాదని, తమ వృత్తి వివేకమని ఇంజనీరు దాపరికం లేకుండా చెప్పారు. నియమం ఏదో, సలహా ఏదో వేరు చేసి చెప్పే నిజాయితీ ఈ రంగంలో అరుదు. నేను ఆ సలహానే ఎంచుకున్నాను: 146 మంది విద్యార్థులు, నలుగురు సిబ్బంది.

ఫంక్షన్ హాలు లెక్క ఇంకా కఠినంగా తేలింది. కుర్చీలు వేయడానికి వీలైన స్థలం 200 చదరపు మీటర్లు. స్థిరమైన సీట్లు లేకుండా దగ్గర దగ్గరగా కూర్చునే చోట మనిషికి 0.65 చదరపు మీటర్లు కనుక 308 మంది. విడివిడిగా కూర్చునే ఏర్పాటైతే మనిషికి 1.4 కనుక 143 మంది. పెళ్లిలో తాళి కట్టేవేళ వరసగా కుర్చీలు, తరువాత బల్లలు వేస్తారు కనుక పెద్ద సంఖ్యనే తీసుకోవాలని వారు నిర్ణయించారు. శాశ్వత వేదిక, సీట్లు లేని హాలు 300 మందికి లోపు పట్టేదైతే డి-4, 300 చేరితే డి-3. అంటే మాది పై ఉపవర్గంలో పడుతుంది. మెట్లకే 3080 మిల్లీమీటర్లు కావాలి, కొత్త మెట్లు కట్టినా మాకు 3000 మాత్రమే ఉంటుంది. మా తమ్ముడు ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి, పక్కన పెట్టేశాడు. ఈ ఒక్క పేజీ మా మధ్య ఆరు నెలలుగా నలుగుతున్న వాదాన్ని తీర్చింది.

అనుమతుల విషయంలోనూ వర్గమే దారి చూపుతుంది. మన రాష్ట్రంలో 1999 నాటి అగ్నిమాపక సేవల చట్టం కింద వాణిజ్య భవనాలకు 15 మీటర్ల ఎత్తు నుంచి, నివాస భవనాలకు 18 మీటర్ల నుంచి ఫైర్ ఎన్‌ఓసీ, అంటే అగ్నిమాపక శాఖ ఇచ్చే నిరభ్యంతర పత్రం, కావాలి. పాఠశాలలు, సినిమా హాళ్లు, ఫంక్షన్ హాళ్లు, ప్రార్థనా స్థలాల వంటి జనం చేరే భవనాలకైతే స్థలం 500 చదరపు మీటర్లు దాటినా, ఎత్తు 6 మీటర్లు దాటినా కావాలి. మా స్థలం 435 చదరపు మీటర్లే, కానీ ఎత్తు 13 మీటర్లు. కార్యాలయ భవనంగా ఎన్‌ఓసీ అవసరం లేని కట్టడమే, విద్యార్థులో పెళ్లివారో వచ్చే భవనంగా ఆ అవసరంలోకి వస్తుంది. ‘కమర్షియల్’ అన్న ఒక్క మాటతో మొదటి ఏజెంటు దాటేయబోయింది సరిగ్గా దీన్నే.

సెల్లార్‌లో రీడింగ్ రూమ్ పెట్టుకోవచ్చా అని కోచింగ్ వారు అడిగినప్పుడు జవాబు ఒక్క వాక్యంలో వచ్చింది: పార్కింగ్‌కు అనుమతి తీసుకున్న చోట మనుషులను కూర్చోబెట్టకూడదు. 2024 జూలైలో ఢిల్లీలో ఒక కోచింగ్ సంస్థ సెల్లార్‌లోని లైబ్రరీలోకి వరద నీరు దూసుకొచ్చి ముగ్గురు విద్యార్థులు చనిపోయిన తరువాత ఆ ప్రశ్న రావడమే నాకు బాధ కలిగించింది. కింది దుకాణాన్ని ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూమ్‌కు ఇవ్వాలన్న బేరం కూడా మేము ఆపుకున్నాము. 2022 సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో కింద ఎలక్ట్రిక్ స్కూటర్లు, పైన లాడ్జి ఉన్న భవనంలో పొగ పైకి ఎగబాకి ఎనిమిది మంది చనిపోయిన సంగతి మన తెలుగువారు మరచిపోలేనిది. రెండు వర్గాలు ఒకే కట్టడంలో ఉండి, వాటి మధ్య తగిన అగ్నినిరోధక విభజన లేకపోతే, రెండింటిలో కఠినమైన నియమాలే మొత్తానికి వర్తిస్తాయని నివేదికలో రాశారు.

ఇక లోపాలు. నివేదిక మూడు వారాలకు బదులు ఐదు వారాలకు వచ్చింది. మొదటి ప్రతిలో నేలమట్టపు దుకాణాలకు మనిషికి 3 చదరపు మీటర్లు తీసుకోవలసిన చోట, పై అంతస్తులకు వాడే 6 తీసుకుని 47 మంది అని రాశారు; సరైన సంఖ్య 94. ఫోన్ చేసి చెబితే అదే సాయంత్రం సరిదిద్దిన పేజీ పంపారు, క్షమాపణ కూడా చెప్పారు. అయినా సగానికి సగం తగ్గిన సంఖ్య ఇద్దరు సంతకం చేసిన కాగితంలో నాదాకా రావడం చిన్న పొరపాటు కాదు. నేను మొదటి రోజునే పట్టిక అడిగి తీసుకున్నాను కనుక పట్టుకోగలిగాను. అందుకే చెబుతున్నాను: మనిషికి ఎన్ని చదరపు మీటర్లు తీసుకున్నారో, ఏ విస్తీర్ణాన్ని దానితో భాగించారో ప్రతి గదికీ విడిగా రాసి ఇవ్వమని అడగండి. చివరి సంఖ్య ఒక్కటే ఇస్తే దాన్ని సరిచూసే వీలు ఉండదు.

నివేదిక మొత్తం ఇంగ్లిషులో ఉంది. మా వాచ్‌మన్‌కు, క్యాంటీన్ నడిపే ఆమెకు, కోచింగ్ వారి ఆఫీసు కుర్రాళ్లకు అవసరమైన విషయాలు అందులోనే ఉన్నాయి: వెనుక తలుపుకు తాళం వేయకూడదు, మెట్ల కింద అట్టపెట్టెలు పేర్చకూడదు. ఆ రెండు పేజీలను నేనే తెలుగులోకి రాసి గోడకు అంటించాను. తెలుగు ప్రతి కూడా ఇచ్చే సంస్థ ఉంటే దానికి అదనంగా చెల్లించడానికి నేను సిద్ధం. మూడోసారి వచ్చి చూసినందుకు వేరే రుసుము అడగడం కూడా ఒప్పందంలో ముందుగా రాసి ఉండవలసింది.

డాలస్‌లో ఆర్కిటెక్టుగా పనిచేసే మా మేనల్లుడికి నివేదిక పంపితే, అక్కడి అంతర్జాతీయ భవన స్మృతిలో 12వ తరగతి దాటిన చదువు విద్యా వర్గంలో కాక వ్యాపార వర్గంలో పడుతుందని, అయినా తరగతి గదిలో మనుషుల లెక్క మాత్రం కార్యాలయపు కొలతతో కాకుండా మనిషికి 20 చదరపు అడుగులతోనే వేస్తారని రాశాడు. భవనం ఏ వర్గమన్నది ఒక ప్రశ్న, గదిలో ఎందరన్నది మరో ప్రశ్న అని నాకు తేటగా తెలిసింది అతని ఉత్తరంతోనే. అక్కడి మన గుళ్లలో, అసోసియేషన్ హాళ్లలో తలుపు పక్కన గరిష్ఠ సంఖ్య రాసిన పలక ఉంటుందని, అటువంటిదే మన హాలులోనూ పెట్టమని కూడా అన్నాడు.

పెట్టాము. రెండో మెట్ల పని పూర్తయి, ఎన్‌ఓసీ చేతికి వచ్చిన తరువాతే తాళాలు ఇచ్చాము. హాలు రెండు తలుపుల పక్కనా తెలుగులో, పెద్ద అక్షరాలతో, 150 అన్న అంకె ఉంది. తరగతులు మొదలైన రోజున కోచింగ్ వారి మేనేజరు, నేను కలిసి వరసల మధ్య నడుస్తూ కుర్చీలు లెక్కపెట్టాము. 160 ఉన్నాయి. విద్యార్థులకు 146 ఉంచి, మిగిలిన పద్నాలుగింటిని ఆ సాయంత్రమే ఆటోలో వాళ్ల పాత బ్రాంచికి పంపించారు.